నారపోగుతో కొలిచిన దారి

మిల్లు గేటుకి తాళం పడి
నేటికి పంతొమ్మిది రోజులు.
గోడ మీద నోటీసు ఎండకి పసుపెక్కింది.
నెల్లిమర్లలో ఇప్పుడు దాన్ని చదివేవాళ్లు లేరు.
తెల్లారి ఐదింటికి సైరన్ కూయదు గానీ
నా కాళ్లు మాత్రం లేచి కూచుంటాయి.

ఆ కాళ్ల కోసమే ఈ ప్రయాణం.

తవిటినాయుడు ముందు నవ్వాడు.
"అనంతగిరి ఘాటీయా? ఈ డొక్కు సైకిళ్ల మీదా?
మతి గాని పోనాదేటిరా నీకు?"
నవ్వినవాడే పొద్దుగూకేసరికి పటం తెచ్చాడు,
బస్సు కండక్టరు బావమరిది దగ్గర అడిగి.
మడతలు చిరిగిన పటం.
శృంగవరపుకోట సరిగ్గా మడతలో పడి
సగం ఊరు మాయమైపోయింది.

అరుగు మీద పరిచి
నాలుగు మూలలా నాలుగు ఖాళీ బాబిన్లు పెట్టాం.

స్కేలు పెడితే కొండదారి ఒప్పుకోదు.
మా దగ్గర ఇంకేముంది, నారపోగు.
ఇరవై రెండేళ్లు స్పిన్నింగులో చేసినవాడి జేబులో
చెయ్యి పెడితే ఎప్పుడూ ఒకటి దొరుకుతుంది.
నాలుకతో తడిపి, వేలికొసతో
ఒక్కో మలుపుకీ దాన్ని ఒదిగించాం.
బొడ్డవర, కాశీపట్నం, టైడా.
డముకు దగ్గర పోగు రెండుసార్లు జారింది.
గాలికొండ చేరేసరికి దీపం పెట్టే వేళయింది.

తీసి సాగదీస్తే
మలుపులన్నీ కలిపి జానెడు లేదు.
"ఇంతేనా?" అన్నాడు నాయుడు.
ఆ ఇంతలోనే ఉంది మోకాళ్ల సంగతి.

ఒకసారి లెక్కేశాను,
ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య షిఫ్టుకి ఎంత నడిచానో.
ఆ నడకతో అరకు ఎన్నిసార్లు వెళ్లి రావచ్చో.
అంకె గుర్తులేదు.
నడిచి నడిచి
టైం కార్డు దగ్గరికే వచ్చేవాణ్ణి.

మొదటి రోజు కోట దాకా, చదును.
రెండో రోజు ఎక్కుడు. తొక్కలేనిచోట తోయడం.
తోయడం సిగ్గు కాదని
పాత జీతం చీటీ వెనక ముందే రాసుకున్నాం,
కింద గీత కూడా గీసి.
మూడో రోజు గాలికొండ.
నాలుగో రోజు దిగడం.
దానికి నాయుడు గంటన్నర రాశాడు.

చోడిపిండి వేయిస్తున్న అసిరమ్మ
గరిటెతోనే బయటికొచ్చింది.
"గంటన్నరా? ఎవులు సెప్పినారు?
అడ్డాకుల మోపు నెత్తినెట్టుకొని దిగిన కాలు నాది.
ఎక్కినపుడు కొండ పట్టుకుంటాది,
దిగినపుడే తోసేస్తాది.
ముందల బ్రేకు కట్టలు మార్పించండి."
వంగి, పిండి అంటిన వేలితో
పటం మీద ఒక చుక్క పెట్టింది.
"ఈడ ఊట. ఎడం సేతికి, రాయి కింద.
ఎండాకాలం కూడా సన్నంగా వస్తాది."

ఆ నీళ్లు ఏ పటంలోనూ లేవు.
పద్దెనిమిదేళ్లుగా ఒకే గిన్నెలో అంబలి తాగుతూ
ఆ కొండ గురించి నేను ఆమెని అడగనే లేదు.

గురువారం బయల్దేరాలి.
బుధవారం లేబరాఫీసులో మాటలంటున్నారు.
"తెరిసేస్తారేటో," అన్నాడు నాయుడు
బాబిన్ దొర్లిస్తూ.
బియ్యం డబ్బా అడుగు కనబడుతున్నవాడు
సైరన్ వద్దనుకోకూడదు.
అనుకున్నాను.
రెప్పపాటు.
నాయుడు కూడా అనుకునే ఉంటాడు,
నా కళ్లలోకి చూడలేదు.

రాత్రి సైకిల్ తిరగేసి గొలుసుకి నూనె పోస్తుంటే
చక్రం తిరిగే చప్పుడు
కదురు చప్పుడులానే ఉంది,
కాకపోతే దీన్ని నా చేత్తో ఆపొచ్చు.
గడప మీద కూచున్న అసిరమ్మ అడిగింది,
"ఎనక కేరేజీ గట్టిదేనా?"
"మూటకి సరిపోతాది."
"నాను మూట గురించి అడగలేదు."

చక్రం దానంతటది ఆగేదాకా
ఇద్దరం మాట్లాడలేదు.
తర్వాత దీపం దగ్గరికి జరిగి
జీతం చీటీ మళ్లీ విప్పాను.
తోయాల్సిన మలుపులు
ఇంకో ఏడు కలిపి రాసుకున్నాను.